ఫ్రిజ్ కింద భాగంల కూరగాయలు గడ్డ కడుతున్నయి, బోర్డు మార్చాలంటున్నరు. ముందు సెన్సార్ ఎట్ల చెక్ చేయాలె?

కరీంనగర్_శీను:
అందరికి నమస్తే. మాది డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్, ఇన్వర్టర్ కంప్రెసర్, కొని ఏడేండ్లు దాటింది, ఇప్పటిదాక ఒక్క రిపేరు రాలేదు. ఈ ఎండకాలం మొదలైనప్పటి నుంచి కింద భాగంల పెట్టినవన్ని గడ్డ కడుతున్నయి. పైన ఫ్రీజర్ మామూలుగనే ఉంది, ఐస్ ఎప్పటి లెక్కనే అయితుంది, సమస్య మొత్తం కిందనే. కీర కోస్తే లోపల ఐస్ పలుకులు, టమాటలు రాళ్ళ లెక్క గట్టిగ అయితున్నయి, బయట పెడితే గంటకు మెత్తబడి నీళ్ళు కారుతున్నయి, కొత్తిమీర పుదీన అయితే నల్లగయి పారేసుడే. పాల ప్యాకెట్ కూడ అంచుల పొంటి గడ్డ కట్టింది.

ప్యానెల్ మీద 4 డిగ్రీలు ఉండె, 7కు పెట్టి చూసిన, గడ్డ కట్టుడు చానా తగ్గింది, మళ్ళ 4కు తెస్తే మళ్ళ అదే. తలుపు రబ్బరు మంచిగనే ఉంది, కాగితం పెట్టి లాగి చూసిన, గట్టిగనే పట్టుకుంటుంది.

మా దగ్గరి మెకానిక్‌ను పిలిస్తే వెనక మూత తీసి చూసిండు. డిస్‌ప్లేల ఎర్రర్ ఏం రాలేదు కాబట్టి సెన్సార్లు మంచిగనే ఉన్నట్టు, బోర్డు పోయింది, ఆరు వేల పైన అయితది అన్నడు. అంత పెట్టినంక కూడ ఇదే సమస్య ఉంటే ఏం చేయాలె? మా ఇంట్ల అమ్మకు షుగర్, ఇన్సులిన్ ఈ ఫ్రిజ్‌లనే పెడుతం, అది గడ్డ కడితే వాడొద్దని డాక్టర్ చెప్పిండు, ప్రస్తుతానికి పక్కింటోళ్ళ ఫ్రిజ్‌ల పెట్టినం, అందుకే తొందర. నా దగ్గర మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఉంది, స్విచ్‌బోర్డులు, ఇన్వర్టర్ బ్యాటరీ చూసుకునేంత వరకు తెల్సు. సెన్సార్‌ను ఇంట్లనే ఎట్ల పరీక్ష చేయాలె, ఎంత రీడింగ్ వస్తే మంచిది, ఎంత వస్తే పోయినట్టు? తెల్సినోళ్ళు చెప్పండి అన్నా.

గోదారి_మెకానిక్:
శీను గారూ, మీరు ముందు ఆ బోర్డు మాట పక్కన పెట్టండి. ఎర్రర్ రాలేదు కాబట్టి సెన్సార్ బాగున్నట్టే అనడం తప్పండి, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. బోర్డు ఎర్రర్ ఎప్పుడు చూపిస్తుందంటే సెన్సార్ వైరు పూర్తిగా తెగిపోయినప్పుడో, రెండు వైర్లు కలిసిపోయి షార్ట్ అయినప్పుడో, అంటే అసలు ఏ ఫ్రిజ్‌లోనూ ఉండని రీడింగ్ వచ్చినప్పుడు. అలా కాకుండా సెన్సార్ నాలుగైదు డిగ్రీలు తప్పు చెప్తుంటే బోర్డుకి తెలిసే దారి లేదండి, అది ఏం చెప్తే అదే నిజం అనుకుని పని చేసేస్తుంది.

సెన్సార్ పాడవడం రెండు రకాలుగా ఉంటుంది. సెన్సార్ అంటే వైర్ల చివర ఉండే చిన్న నల్లటి లేదా తెల్లటి క్యాప్సూల్, దాని లోపలికి ఏళ్ళ తరబడి చెమ్మ దూరితే రెండు కాళ్ళ మధ్య కరెంటుకి ఇంకో దారి ఏర్పడి ఓంలు, అంటే కరెంటుకి ఉండే అడ్డు, తగ్గిపోతాయి, ఓంలు తగ్గితే బోర్డుకి వేడిగా ఉన్నట్టు లెక్క, అందుకని ఇంకా ఇంకా చల్లగాలి పంపిస్తుంది, మీ ఇంట్లోలాగా కూరగాయలు గడ్డ కడతాయి. రెండోది కనెక్టర్ పిన్నులకి తుప్పు పడితే ఓంలు పెరుగుతాయి, అప్పుడు బోర్డు చల్లగానే ఉందనుకుని ఊరుకుంటుంది, పాలు విరుగుతాయి, దోసెల పిండి ఒక్క పూటకే పులిసిపోతుంది. మీది మొదటి రకం అని నా అనుమానం.

కానీ మీటర్ పట్టుకునే ముందు రెండు చూడండి. ఒకటి, అసలు లోపల ఎంత ఉందో. ప్యానెల్ మీద అంకె చాలా మోడళ్ళలో మనం పెట్టిన సెట్టింగే తప్ప లోపలి అసలు టెంపరేచర్ కాదు. ప్రోబ్ ఉన్న చిన్న డిజిటల్ థర్మామీటర్ కొని, చిన్న గ్లాసులో సన్‌ఫ్లవర్ నూనె పోసి ప్రోబ్ అందులో ముంచి మధ్య అరలో ఒక రాత్రి వదిలేయండి. నీళ్ళు వద్దు, నీళ్ళు గడ్డ కట్టడం మొదలెడితే పూర్తిగా గడ్డ అయ్యేదాకా రీడింగ్ సున్నా దగ్గరే ఆగిపోతుంది, అసలు సంగతి తెలీదు. రెండోది డ్యాంపర్. ఫ్రీజర్ నుంచి కిందకి గాలి వదిలే చిన్న తలుపు అది, ఐస్ పట్టి తెరుచుకుని ఉండిపోయినా కింద ఇలాగే గడ్డ కడుతుంది. అయితే మీరు 7కి పెడితే తగ్గిందన్నారు చూడండి, డ్యాంపర్ ఇరుక్కుపోయి ఉంటే సెట్టింగ్ మార్చినా అంత తేడా రాకూడదండి. అందుకే నాకు సెన్సార్ మీదే చూపు.

లోపల గాలి వచ్చే రంధ్రాలకి గిన్నెలు, కవర్లు ఆనించి పెట్టకండి. ఆ రంధ్రం ముందున్న వస్తువు ఒక్కటే గడ్డ కడితే అది పెట్టిన తీరు వల్ల, అన్ని అరల్లోనూ కడితే కంట్రోల్ తప్పినట్టు.

ఇక జాగ్రత్తలు. ప్లగ్ తీసేశాక కూడా ఇన్వర్టర్ బోర్డు మీద పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలవ ఉంటుంది, ప్లగ్ తీసి పది పదిహేను నిమిషాలు ఆగి అప్పుడు వెనక మూత తీయండి, తీశాక కూడా ఆ భాగం మీద చెయ్యి వెయ్యకండి. ఫ్రీజర్ వెనక ప్యానెల్ తీసినప్పుడు కాయిల్ మీద ఐస్ ఉంటే చాకుతో, స్క్రూడ్రైవర్‌తో గోకొద్దు, ఈమధ్య వచ్చేవాటిలో చాలావాటికి ఆర్600ఏ గ్యాస్ ఉంటుంది, అది మండే గ్యాసు. కాయిల్‌కి బొక్క పడితే మొత్తం ఫ్రిజ్జే పోయినట్టు. తలుపులు తీసి వదిలేస్తే అదే కరుగుతుంది.

వైజాగ్_రవి:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి, మాది సింగిల్ డోర్, పాతది, దాంట్లో కూడా అంతా గడ్డ కట్టేస్తోంది. మాకూ ఈ సెన్సార్ పరీక్షే పనికొస్తుందా?

గోదారి_మెకానిక్:
రవి గారూ, లోపల తిప్పే నాబ్ ఉన్న పాత సింగిల్ డోర్ అయితే మీకు ఎలక్ట్రానిక్ సెన్సార్ ఉండదండి, నాబ్ వెనక థర్మోస్టాట్, దాన్నుంచి సన్నటి రాగి గొట్టం ఫ్రీజర్ గిన్నె దాకా వెళ్తుంది, ఆ గొట్టంలో గ్యాస్ ఉంటుంది. ఆ గొట్టం చివర ఫ్రీజర్ గిన్నెకి క్లిప్‌తో ఆనించి ఉందో లేదో ముందు చూడండి, ఊడిపోయి గాల్లో వేలాడుతుంటే దానికి చలి తగలక కంప్రెసర్ ఆగనే ఆగదు. అది సరిగ్గానే ఉంటే, బాగా చల్లగా ఉన్నప్పుడు నాబ్ తక్కువ వైపు తిప్పండి, టిక్ మని కంప్రెసర్ ఆగాలి. ఆగకపోతే థర్మోస్టాట్ కాంటాక్టులు అతుక్కుపోయినట్టు, మార్చేయడమే, ఖర్చు కూడా పెద్దగా కాదు. గొట్టంలో గ్యాస్ పోతే మాత్రం రివర్సులో, కంప్రెసర్ అసలు స్టార్టే అవ్వదు.

ల్యాబ్_మేడం:
శీను, నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్తాను, ఎన్‌టీసీ సెన్సార్లు మా ల్యాబ్‌లో రోజూ చేతిలో ఉండేవే కాబట్టి మీటర్ సంగతి నేను చెప్తాను. గోదారి గారు చెప్పినదంతా సరైనదే.

మీ ఫ్రిజ్‌లో ఉండేది ఎన్‌టీసీ థర్మిస్టర్, అంటే చలి పెరిగేకొద్దీ ఓంలు పెరుగుతాయి, వేడికి తగ్గుతాయి. ఎక్కువగా కనపడేవి రెండు రకాలు, 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓంలు ఉండేది ఒకటి, 5 కిలో ఓంలు ఉండేది ఇంకోటి, వేరే విలువలవీ ఉన్నాయి. నెట్‌లో 25 డిగ్రీలకి 10కే (కే అంటే కిలో ఓంలు) రావాలి అని చదివి, మన దగ్గర మే నెలలో వంటింట్లో మీటర్ పెట్టి 6కే వచ్చిందని మంచి సెన్సార్‌ని తీసి పారేసేవాళ్ళుంటారు. 38 డిగ్రీల గదిలో 10కే సెన్సార్ 6 దగ్గరే చూపించాలి, అది తప్పు కాదు. అందుకే గదిలో తీసిన రీడింగ్ మీద ఏ నిర్ణయం తీసుకోకూడదు, ఐస్ గ్లాసే నమ్మకం.

ఐస్ గ్లాసు ఎలా అంటే, స్టీలు గ్లాసు నిండా బాగా నలగ్గొట్టిన ఐస్ వేసి ఆ సందుల్లో పట్టేంత నీళ్ళు మాత్రమే పోయాలి. నీళ్ళలో నాలుగు ఐస్ ముక్కలు తేలుతుంటే అది సున్నా డిగ్రీలు కాదు, అడుగున నాలుగు ఐదు కూడా ఉండొచ్చు. స్పూన్‌తో కలుపుతూ ఉండాలి. ఉప్పు తగలకూడదు, ఉప్పు పడితే సున్నా కిందకి వెళ్ళిపోతుంది.

ఫ్రిజ్ ప్లగ్ తీసి, పదిహేను నిమిషాలాగి, బోర్డు దగ్గర సెన్సార్ వైర్ల కనెక్టర్ ఊడదీయండి. బోర్డుకి తగిలించి ఉండగా కొలిస్తే బోర్డు లోపలి రెసిస్టర్లు కూడా కలిసిపోయి తప్పు అంకె వస్తుంది. ఏ రెండు వైర్లు దేనివో మూత లోపల అంటించిన సర్క్యూట్ బొమ్మలో ఉంటుంది, లేకపోతే ఒక సెన్సార్‌ని గుప్పిట్లో పట్టుకోమని ఇంట్లో ఎవరికైనా చెప్పి, ఏ పిన్నుల మధ్య అంకె మెల్లగా మారుతుందో చూస్తే తెలిసిపోతుంది. కనెక్టర్ దగ్గర కొలవడంలో లాభం ఏంటంటే వైరు కూడా పరీక్షలో కలిసి వస్తుంది. అక్కడ ఒక అంకె, సెన్సార్ మొదట్లో ఇంకో అంకె వస్తే సెన్సార్ కాదు, మధ్య వైరో జాయింటో పోయినట్టు.

మీటర్‌ని 200కే రేంజ్‌లో పెట్టండి, ఇది మాత్రం మర్చిపోవద్దు. 10కే సెన్సార్ సున్నా డిగ్రీల దగ్గర 27 నుంచి 34 కిలో ఓంల మధ్య ఉంటుంది, 20కే రేంజ్‌లో పెట్టి కొలిస్తే మీటర్ ఎడమ పక్కన ఉత్త 1 చూపిస్తుంది, అది చూసి సెన్సార్ తెగిపోయిందనుకుంటాం. ప్రోబ్ మొనలు రెండూ వేళ్ళతో నొక్కి పట్టుకోకండి, మన ఒళ్ళు కూడా ఒక రెసిస్టరే, చల్లటి రీడింగుల్లో అది కూడా తేడా తెస్తుంది.

కింది సెన్సార్, ఫ్రీజర్ సెన్సార్ రెండూ క్లిప్పుల్లోంచి తీస్తే వైరు కొంచెం వదులుగా వస్తుంది, వైరు కోయొద్దు. ఒక్కోదాన్ని సన్నటి పాలిథిన్ కవర్‌లో పెట్టి రబ్బరు బ్యాండు వేసి ఐస్‌లో ముంచి, ఐదు నిమిషాలు ఆగి, అంకె కదలకుండా నిలబడ్డాక రాసుకోండి. కవర్ ఎందుకంటే బాగున్న సెన్సార్‌లోకి కూడా మనమే నీళ్ళు ఎక్కించకుండా. గదిలో రెండింటిదీ దాదాపు ఒకే అంకె ఉంటే రెండూ ఒకే రకం అని అనుకుని పోల్చొచ్చు. కొన్ని మోడళ్ళలో రెండూ వేరే వేరే విలువలు ఉంటాయి, అలా అయితే పోలిక పనికిరాదు, ఆ మోడల్ సర్వీస్ టేబుల్ చూడాల్సిందే. అంకెలు ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను.

కరీంనగర్_శీను:
మేడం, గోదారి అన్న, ఇద్దరికి చానా థ్యాంక్స్. మీరు చెప్పినట్టే అన్ని చేసిన. నూనె గ్లాసుల థర్మామీటర్ పొద్దున చూస్తే మైనస్ 2 ఉంది, ప్యానెల్ మీద మాత్రం 4 అనే ఉంది. అన్ని అరల్లల్ల అట్లనే, ఒక్క రంధ్రం ముందట కాదు. ఫ్రీజర్ వెనక ప్యానెల్ తీసి చూసిన, కాయిల్ మీద సన్నటి నూగు తప్ప గడ్డలు లేవు.

మీటర్ 200కే మీద పెట్టి కొలిచిన. గదిల ఫ్రీజర్ సెన్సార్ 6.3, కింది సెన్సార్ 5.9 వచ్చినయి. ఇది చూసి నేను అయ్యో రెండు బాగనే ఉన్నట్టున్నయి కదా, ఇగ బోర్డేనేమో అనుకున్న. మళ్ళ ఐస్ గ్లాసుల పెడితే ఫ్రీజర్ సెన్సార్ 28.1 దగ్గర నిలబడ్డది, కింది సెన్సార్ 22 దాటతలేదు, ఎంతసేపు ఉంచినా 21.9, 22.0 మధ్యనే తిరుగుతుంది. రెండు సెన్సార్లు కలిపి ఒక్క కవర్ల కట్టి కూడ చూసిన, అదే తేడా. కింది సెన్సార్ కాళ్ళ దగ్గర, కనెక్టర్ దగ్గర రెండు చోట్ల ఒక్కటే రీడింగ్. దాని క్యాప్సూల్ మీద, వైర్లు లోపలికి పోయే దగ్గర సన్నగ పగులు లెక్క కనవడుతుంది, ఫ్రీజర్ దానికి అట్ల లేదు. గదిల అంత దగ్గరగ ఉండి, ఐస్‌ల అంత తేడా ఎందుకు వచ్చింది మేడం?

ల్యాబ్_మేడం:
శీను, చాలా చక్కగా కొలిచారు, మీ అంకెల్లోనే జవాబు ఉంది. కింది సెన్సార్ పోయింది, సందేహం లేదు.

ఎందుకంత తేడా అంటే, పగుల్లోంచి దూరిన చెమ్మ సెన్సార్ పక్కన సుమారు 100 కిలో ఓంల రెసిస్టర్ ఒకటి ప్యారలల్‌గా తగిలించినట్టు పని చేస్తోంది. గదిలో సెన్సార్ అసలు విలువ 6.3 కదా, దానికి పక్కన 100 ఉన్నా లేకున్నా పెద్దగా తెలీదు, 5.9 దాకా దిగుతుంది అంతే. సున్నా దగ్గర అసలు విలువ 28కి వెళ్ళేసరికి ఆ 100 బలంగా లాగేస్తుంది, లెక్క వేస్తే సరిగ్గా 22 దగ్గరికే వస్తుంది. ఇంకా చల్లబడేకొద్దీ తప్పు ఇంకా పెరుగుతుంది. చలిలోనే అబద్ధం చెప్పే సెన్సార్‌ని వేడి గదిలో పట్టుకోలేం అన్నమాట, మీ మెకానిక్ గదిలో ఒకసారి కొలిచినా బాగుందనే అనేవాడు.

ఇంకో సంగతి చూడండి. మీ బోర్డు దృష్టిలో 22 కిలో ఓంలంటే సుమారు 6 డిగ్రీలు. అంటే లోపల సున్నా ఉన్నప్పుడు కూడా బోర్డు ఇంకా 6 ఉంది, చల్లబడలేదు అనుకుంటోంది. 4 డిగ్రీలు అయిందని దానికి అనిపించాలంటే 24 దగ్గర రావాలి, ఈ పాడైన సెన్సార్ 24 చూపించాలంటే లోపల మైనస్ 2 అవ్వాలి. మీ నూనె గ్లాసులో వచ్చింది కూడా అదే. టమాట, కీర, పాలు ఇవన్నీ సున్నాకి అర డిగ్రీ కిందనుంచే గడ్డ కట్టడం మొదలెడతాయి. 7కి పెట్టినప్పుడు ఎందుకు తగ్గిందో కూడా దీంతోనే తేలిపోతుంది, అప్పుడు లోపల ఒకటిన్నర, రెండు దగ్గర ఆగి ఉంటుంది. సెట్టింగ్‌కి తగ్గట్టు లోపల మారుతోంది అంటే బోర్డు, డ్యాంపర్, ఫ్యాను మూడూ చెప్పిన పని చేస్తున్నాయని అర్థం. మీ బోర్డు మీద నాకు ఏ అనుమానమూ లేదు, ఆరు వేలు పెట్టకండి.

కొత్త సెన్సార్ వచ్చేదాకా 7 మీదే ఉంచండి. కానీ ఇన్సులిన్ మాత్రం ఇప్పుడే వెనక్కి తేవద్దు, అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, మీ ఫ్రిజ్ ఇప్పుడు ఆ అంచు మీదే ఉంది, చెమ్మ ఇంకాస్త దూరితే మళ్ళీ కిందకి పోతుంది.

కరీంనగర్_శీను:
ఇప్పుడు మంచిగ సమజైంది మేడం. ఇగ సెన్సార్ ఎక్కడ కొనాలె, 10కే అని అడిగితే ఏదైనా సరిపోతదా? వచ్చే వారం హైదరాబాద్ పోయే పని ఉంది, కోఠి గుజరాతీ గల్లీల దొరుకుతదా?

గోదారి_మెకానిక్:
శీను గారూ, ఏదైనా సరిపోదండి, ఇక్కడే జాగ్రత్త. మీ మోడల్ నంబరు చెప్పి అసలు పార్టే అడగండి, అది అన్నిటికన్నా మేలు, ఖరీదు బోర్డుతో పోలిస్తే లెక్కలోకే రాదు. గుజరాతీ గల్లీలో విడి ఎన్‌టీసీలు అమ్ముతారు కానీ పేరుకి అన్నీ 10కేనే, చల్లబడినప్పుడు ఓంలు పెరిగే తీరు ఒక్కోదానిది ఒక్కోలా ఉంటుంది. ఆ తీరుని చెప్పే అంకె ప్యాకెట్ మీద బీటా అని 3435 అనో 3950 అనో ఉంటుంది చూడండి. మీ ఫ్రీజర్ సెన్సార్ ఐస్‌లో 28 చూపించింది కాబట్టి మీది 3435 దగ్గరి రకం. 3950ది వేస్తే అది ఐస్‌లో 33 దగ్గర చూపిస్తుంది, బోర్డుకి ఉన్నదానికన్నా చల్లగా కనపడి మూడు డిగ్రీల దాకా తేడా వచ్చేస్తుంది, అప్పుడు గడ్డ కట్టడం పోయి పాలు విరగడం మొదలవుతుంది, మళ్ళీ బోర్డే పోయిందంటారు. కాబట్టి ఏది కొన్నా జాయింటు వేసే ముందు మేడం గారు చెప్పిన ఐస్ గ్లాసులో కొత్తదాన్ని, మీ ఫ్రీజర్ సెన్సార్‌ని పక్కపక్కనే పెట్టి కొలవండి, రెండూ దాదాపు కలవాలి.

వీటికి ప్లస్ మైనస్ ఉండదు, ఏ వైరు దేనికి కలిపినా ఒకటే. కానీ ఊరికే మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టొద్దండి, లోపలి చెమ్మకి టేపు జిగురు వదిలేస్తుంది, ఆ జాయింట్లోనే మళ్ళీ ఇదే రోగం మొదలవుతుంది. సోల్డర్ చేసి, లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ స్లీవ్ రెండు వైర్లకీ విడివిడిగా వేసి, రెండు జాయింట్లూ ఒకే చోట పడకుండా కొంచెం ముందూ వెనకా కోయండి. స్లీవ్ ముందే వైరుకి ఎక్కించుకోవాలి. సెన్సార్‌ని పాత క్లిప్‌లోనే పెట్టండి, గోడకి ఆనించి టేపు వేస్తే గాలి కాకుండా గోడ చల్లదనం చూపిస్తుంది. వైరు క్యాప్సూల్ దగ్గర కొంచెం కిందకి వంగి మళ్ళీ పైకి వెళ్ళేలా పెడితే వైరు మీద పట్టిన నీటి బొట్టు క్యాప్సూల్ నోట్లోకి జారకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

మూత బిగించాక 4 మీద పెట్టి, తలుపు ఎక్కువ తీయకుండా ఒక రాత్రి వదిలేసి నూనె గ్లాసు చూడండి. 3 నుంచి 5 మధ్య ఉంటే అమ్మగారి ఇన్సులిన్ మధ్య అరలో, గాలి రంధ్రానికి దూరంగా పెట్టుకోండి, తలుపు అరలో వద్దు, తీసినప్పుడల్లా అక్కడే ముందు వేడెక్కుతుంది.